మెల్లగ మాట్లాడే ఇంప్రావ్ కమెడియన్ గొంతు మీద బతకొచ్చా? దేవరకొండ నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

ప్రశ్న క్లుప్తంగ ఇది. మీది దేవరకొండ దగ్గరి ఊరు. ఏడాదిగ శని, ఆదివారాలు హైదరాబాద్ పోయి ఇంప్రావ్ షోలు, అంటే ముందుగ రాసుకోకుండ స్టేజీ మీద అప్పటికప్పుడు అల్లే హాస్యం, చేస్తున్నరు. మీ తీరు ఎగిరి దుంకేది కాదు. మొహం కదలకుండ, గొంతు లేపకుండ ఒక మాట అని ఊకుంటరు, నవ్వు రెండు సెకన్లు ఆగి వస్తది. తోటివాళ్లు "ఎనర్జీ లేదు" అంటున్నరు. ఈ తీరుతోని నిలబడొచ్చా, డబ్బింగ్‌ల పనికొస్తదా, యాస మార్చుకోవాల్నా, ఇంట్ల ఏ మైకు పెట్టుకోవాలె అని అడిగిండ్రు.

నిలబడొచ్చు. కాని మీలాంటి గొంతుకు ముందు దారి దొరికేది స్టేజీ మీద కాదు, మైకు దగ్గర. ఇంప్రావ్‌ను సాధన లెక్క పెట్టుకోండి, గొంతు పనిని తిండి లెక్క పెట్టుకోండి. యాస వదలొద్దు, దాని పక్కన టీవీ తెలుగు ఒకటి అదనంగ నేర్చుకోండి. పైసలు మైకు మీద కాదు, ముందు గది మీద పెట్టండి. ఇగ కారణాలు చెప్త.

"ఎనర్జీ లేదు" అన్న మాటను ఉన్నదున్నట్టు తీసుకోవద్దు. మెల్లగ మాట్లాడే ఆర్టిస్టులల్ల ఆ మాట వెనక మూడు వేరువేరు తప్పులుంటయి. దేనికి దాని మందు వేరు.

మొదటిది, వాక్యం చివర గొంతు మింగుడు. ఇది తెలుగుల చాలా నష్టం చేస్తది. మన భాషల క్రియ చివరికి వస్తది. అవునా కాదా అన్నది చివరి అక్షరాలల్లనే తేలుతది. "మా బాపు పెండ్లికి వస్త అన్నడు" అన్నదానికి, "మా బాపు పెండ్లికి వస్త అనలే" అన్నదానికి తేడా అంతా ఆఖరి మూడక్షరాలు. ప్రశ్న, వెటకారం, ఎదురుతిరుగుడు కూడ అక్కడనే ఉంటయి. మెతక గొంతు వాళ్లు వాక్యం మొదట్ల బాగనే వినపడి, చివరికొచ్చేసరికి గాలి అయిపోయి జారిపోతరు. జోకు ఎక్కడున్నదో అక్కడనే వినపడకుంట అయితది. పరీక్ష సులువు: ఫోన్ల పది వాక్యాలు రికార్డు చేసి, ఏదన్న ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ల చప్పుడు ఎత్తు చూపే గీత చూడండి. చివరి పదం ఎత్తు మొదటి పదం ఎత్తుల సగానికి తగ్గితే, అంటే 6 డీబీ (డెసిబెల్, చప్పుడు కొలత) కంటె ఎక్కువ పడితే, అదే మీ రోగం. మందు గట్టిగ అరుసుడు కాదు. వాక్యం నడమ ఒకచోట ఊపిరి తీసుకునుడు, లేకుంటే వాక్యాన్నే పొట్టిగ చేసుడు.

రెండోది, ఖాళీ మౌనం. ఆగుడు వేరు, తోచక ఆగుడు వేరు. ఒకటిన్నర, రెండు సెకన్ల మౌనంల కండ్లు ఎదుటి ఆర్టిస్టు మీద ఉంటే జనం దాన్ని "ఏదో వస్తది" అని చదువుతరు. అదే రెండు సెకన్లు నేల చూస్తే "మర్చిపోయిండు" అనుకుంటరు.

మూడోది అన్నిటికంటె పెద్దది. ఇంప్రావ్‌ల మొదటి పాఠం "అవును, ఇంకా". ఎదుటివాళ్లు ఇచ్చింది ఒప్పుకోవాలె, దానికి ఒకటి కలపాలె. మెతక తీరువాళ్లు "అవును" దగ్గరనే ఆగుతరు, బరువంతా పక్కోళ్ల మీద పడతది. ఎదుటోళ్లు "అన్నా, మన దేవరకొండ బస్సు పోయింది" అన్నరనుకోండి. "అవునా" అంటే సీన్ సచ్చింది. "పోలేదు" అంటే అడ్డం కొట్టినట్టు. "పోతే పోనీ, డ్రైవర్ ఇంక మా ఇంట్లనే బువ్వ తింటుండు" అని మామూలుగ అనండి. ఒప్పుకున్నరు, కొత్త సంగతి కలిపిండ్రు, గొంతు లేపలే. మెతక హాస్యంల ఎనర్జీ అంటే చప్పుడు కాదు, కలిపిన సంగతి. ప్రతి మాటల ఒక పేరో, వస్తువో, లెక్కో ఉండాలె. "ఏదో తిన్న" కాదు, "చల్లారిన రెండు సర్వపిండి ముక్కలు" అనాలె.

ఈ తీరు మనకు పరాయిది కాదు. ఊర్లల్ల పిట్టల దొర వేషం చూసి ఉంటే గుర్తు తెచ్చుకోండి. ఖాకీ బట్టలు, కట్టె తుపాకి. ఆకాశమంత కోతలు కోస్తడు, ఎదురుంగ ఎవరుంటే వాళ్ల పేరు మీద అప్పటికప్పుడు అల్లుతడు, కాని తను మాత్రం నవ్వడు. తను నవ్విండంటే వేషం పోయినట్టే. బుర్రకథల హాస్యం చెప్పే వంత పని చూడండి: కథకుడు ఊపుల ఉన్నప్పుడు ఒక్క పొట్టి ప్రశ్న వేసి పక్కకు జరుగుతడు. అవధానంల అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడిది కూడ అదే వరస. పెద్ద పని నడుస్తుంటే చిన్న మాట అడ్డం వేసుడు. మీరు సీన్ల పట్టాల్సిన కుర్చీ ఇదే. ఎగిరే ఆర్టిస్టు పక్కన నిలబడి, లోకంల తెలివి ఉన్న ఒకే ఒక్క మనిషి లెక్క మాట్లాడుడు. ఇద్దరు మెతక ఆర్టిస్టులు జోడీ కడితే మాత్రం సీన్ లేవదు. జోడీని చూసి ఎంచుకోండి.

బయట దేశంల ఈ దారిల నడిచినోళ్ల పని ఒకసారి చూస్తే మీకు నమ్మకం కుదురుతది. అమెరికా కమెడియన్ బాబ్ న్యూహార్ట్ అంతకుముందు షికాగోల అకౌంటెంట్. తడబడుకుంట, మెల్లగ, ఫోన్ల ఒక పక్క మాటలే వినిపించే హాస్యంతోని 1960ల రికార్డు తెచ్చిండు. దానికి ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గ గ్రామీ వచ్చింది. 1977ల ఒక యానిమేషన్ సినిమాల భయస్తుడైన ఎలుకకు గొంతు ఇచ్చిండు, అదే తడబాటుతోని. అమెరికా గొంతు ఆర్టిస్టు ఎచ్. జాన్ బెంజమిన్ దారి మీకు ఇంకా దగ్గర. 1995ల మొదలైన ఒక యానిమేషన్ సీరియల్‌ల మాటలు పూర్తిగ రాసి ఇయ్యకపోతుండె. కథ రేఖ మాత్రమిచ్చి స్టూడియోల అప్పటికప్పుడు మాట్లాడించి, తర్వాత బొమ్మ గీస్తుండె. దాంట్ల బెంజమిన్ చేసింది కొడుకు పాత్ర. తర్వాత 2009ల, 2011ల మొదలైన రెండు సీరియళ్లల్ల ప్రధాన పాత్రలకు, గొంతు పెద్దగ మార్చకుండనే మాట్లాడిండు. ఒకడు గూఢచారి, ఒకడు హోటల్ నడిపే తండ్రి. మార్చింది గొంతు కాదు, ఆ మనిషికి ఏం కావాలె అన్నది.

న్యూహార్ట్ ఫోన్ పద్ధతి మీకు మంచి సాధన. రోజు పది నిమిషాలు, ఒక పక్క మాటలే. అవతలోళ్లు ఏమన్నరో మీరు తిరిగి చెప్పొద్దు, మీ జవాబును బట్టి వినేవాళ్లకు తెలియాలె. "హలో... ఆఁ, కరెంటాఫీసే... లేదు, ట్రాన్స్‌ఫార్మర్ మీద నెమలి కూసుంటే మేమేం చేస్తం..." అట్ల సాగాలె. రికార్డు చేసి ఇంకొకరికి వినిపించండి. అవతలి మనిషి ఎవరో వాళ్లు చెప్పలేకపోతే మీ మౌనాలు పొట్టిగున్నట్టు, లేకుంటే సంగతులు తక్కువైనట్టు.

ఇప్పుడు గొంతు పని. హైదరాబాద్‌ల కొత్తవాళ్లకు తలుపు తెరిచేది పెద్ద పాత్ర కాదు, క్రౌడ్. సంత, బస్టాండు, పెండ్లి, ధర్నా సీన్లకు నలుగురైదుగురు ఆర్టిస్టులు ఒక మైకు చుట్టూ నిలబడి మాటలు పుట్టియ్యాలె. రాసిచ్చేది తక్కువ. ఇంప్రావ్ చేసినోళ్లు ఇక్కడ మంచిగ పనికొస్తరు. మిగతావాళ్లు "ఏయ్ ఆగు, ఆగు" అని తిరిగి తిరిగి అదే అంటుంటే మీరు కూరగాయల ధర, బర్రె జబ్బు, అల్లుని అప్పు మాట్లాడగలరు. ఒక జాగ్రత్త: క్రౌడ్‌ల ఎవరి మాటా స్పష్టంగ ముందుకు రావద్దు. జోకు వేసి నవ్వించాలని చూస్తే హీరో మాట మీద పడతది, తీసేస్తరు.

మీ గొంతుకు సరిపోయేవి: ఆడియో పుస్తకాలు, ఆన్‌లైన్ పాఠాలు, యానిమేషన్‌ల పక్క పాత్రలు, మాట్లాడినట్టు ఉండే ప్రకటనలు, ఓటీటీ సీరియళ్లల్ల నిదానం మనుషులు. సరిపోనివి: ఆటో మీద మైకు ప్రచారం, బట్టల షాపు దసరా ఆఫర్లు, ఫైటింగ్ అరుపులు. ఇవి రాకపోతే మనసు కష్టపెట్టుకోవద్దు, అది వేరే కండ. ఆకాశవాణి నాటక ఆడిషన్ మాత్రం విడువొద్దు. అక్కడ బీ, బీ హై, ఏ, టాప్ అని గ్రేడ్లుంటయి. రేడియో నాటకంల మొహం లేదు కాబట్టి వాక్యం చివర మింగే అలవాటు అక్కడ బాగ వదులుతది.

డబ్బింగ్ థియేటర్‌ల ఏమైతదంటే: బొమ్మను చిన్న ముక్కలుగ తిప్పుతరు, హెడ్‌ఫోన్‌ల అసలు గొంతు వినపడతది, మీరు అదే చోట మొదలుపెట్టి అదే చోట ఆపాలె. కొత్తవాళ్లు మొదలు మీద దృష్టి పెట్టి చివర మర్చిపోతరు. ప, బ, మ అక్షరాల దగ్గర పెదవులు మూసుకుంటయి, అవి తప్పితే ఎంత మంచిగ నటించినా అతుకు తెలుస్తది. ఇంగ్లీషు మాట చాలాసార్లు హల్లుతోని ముగుస్తది, మన తెలుగు మాట అచ్చుతోని. అక్కడ నోరు మూసుకుంటే మనది తెరుచుకుంటది. దీనికి మందు మన సున్న అక్షరం (ం). "వెళ్దాం", "నిజం", "చూద్దాం" లాంటి మాటలు వాక్యం చివరికి తెస్తే పెదవులు కలుస్తయి. మాటల రచయిత రాసింది కూర్చకపోతే ఇంప్రావ్ ఆర్టిస్టు అక్కడికక్కడ రెండు మూడు మాటలు అందియ్యగలడు. కాని అడిగితేనే ఇయ్యండి, డైరెక్టరును దాటి మార్చొద్దు.

యాస సంగతి ఇక్కడనే తేలుతది. "వస్తున్నాను" నాలుగక్షరాలు, "వస్తున్న" మూడు. "చేశాము" తెరుచుకుంటది, "చేసినం" మూసుకుంటది. పొట్టి నోటి కదలికకు మన మాట చాలాసార్లు బాగ సరిపోతది. అట్లని "తెలంగాణ యాస వస్తది" అని రాసుకుంటే ఏం లాభం లేదు, అందరు అదే రాస్తరు. గిట్ల, గట్ల, ఏంది అని మూడు మాటలు చల్లేది యాస కాదు. కోదాడ, హుజూర్‌నగర్ దిక్కు మాటల కృష్ణ అవతలి పోలిక ఉంటది. నారాయణపేట దిక్కు కన్నడం తగులుతది. అలంపూర్ల కర్నూలు వినపడతది. దేవరకొండ, అచ్చంపేట దిక్కు సాగుడు వేరే. వీటిల మీది ఏదో దాన్ని గట్టిగ పట్టుకోండి. ఇంకొకటి చుట్టపోళ్ల దగ్గర కూసోని రాసుకోండి: మాటలు కాదు, వాక్యం ఎక్కడ లేస్తది, ఎక్కడ పడతది అన్నది. దాంతోపాటు టీవీ తెలుగు. మన దిక్కు శ-ష-స, ణ-న, ళ-ల కలిసిపోతయి, భ-ధ-ఘ లల్ల ఒత్తు తేలిపోతది. రోజు పది నిమిషాలు పేపరు సంపాదకీయం పైకి చదివి, రికార్డు వినుకుంట ఈ అక్షరాలు తప్పిన చోట పెన్సిలుతోని గీటు పెట్టండి. రెండు మూడు నెలలల్ల గీట్లు తగ్గుతయి. తగ్గకపోతే వినుడుల లోపం ఉన్నట్టు, ఇంకొకరితోని గీటు పెట్టియ్యండి.

మిమిక్రీ చెయ్యమని చాలామంది చెప్తరు. నేరెళ్ల వేణుమాధవ్ పుట్టిన వరంగల్ మనకు దూరం కాదు, ఆ కళ గొప్పది. కాని డబ్బింగ్ అడిగేది ఇంకొకరి గొంతు కాదు. డెమోల, అంటే పని అడిగేటప్పుడు పంపే మీ గొంతు నమూనాల, స్టార్ల గొంతులు, సినిమా డైలాగులు పెట్టొద్దు. డెమో 60 నుంచి 90 సెకన్లు. ఐదారు ముక్కలు, ఒక్కోటి 10 నుంచి 15 సెకన్లు. మొదటి ముక్క మీ మామూలు గొంతు, సంగీతం లేకుండ. చాలామంది విని ఆపేది మొదటి పది సెకన్లల్లనే, కాబట్టి పేరు, ఊరు పరిచయం అక్కడ పెట్టి వృథా చెయ్యొద్దు. కథనానికి ఒక ఫైలు, పాత్రలకు ఒక ఫైలు, ప్రకటనలకు ఒకటి. అన్నీ కలిపి ఒకటే పంపితే ఎవరికీ పనికిరాదు.

ఇంట్ల గది. మెతక గొంతు వాళ్లకు ఇదే అసలు కష్టం, ఎందుకో చెప్త. మీరు మెల్లగ మాట్లాడితే గెయిన్, అంటే మైకు పట్టిన చప్పుడును పెంచే మీట, పెంచాలె. గెయిన్ పెంచితే మీ గొంతుతో పాటు ఫ్యాను, ఫ్రిజ్, బోరు మోటరు అన్నీ పెరుగుతయి. గట్టి గొంతు మనిషికి సరిపోయిన గది మీకు సరిపోదు. అందుకే ముందు దూరం తగ్గించండి. మైకుకు 20 సెంటీమీటర్ల దూరంల ఉన్న నోరు 10 సెంటీమీటర్లకు వస్తే, దాదాపు 6 డీబీ ఉచితంగ వస్తది, చప్పుడు పెరగదు. దగ్గరికొస్తే గొంతుల బరువు పెరుగుతది, ప-ఫ-భ ల గాలి తగులుతది. కాబట్టి మైకును నోటికి సూటిగ కాకుండ 45 డిగ్రీల పక్కకు పెట్టి, నడమ పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే జాలి) పెట్టండి.

గోడలకు గుడ్ల అట్టలు అంటియ్యొద్దు, అవి దాదాపు ఏం చెయ్యవు. మన దిక్కు దానికంటె మంచిది ఉంది: గొంగడి. దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన మందం గొంగడి మధ్య, పై స్థాయి ప్రతిధ్వనిని బాగ మింగుతది. మూడు దిక్కుల తాడు కట్టి వేలాడదీయండి, గోడకు ఆనించకుండ 10 సెంటీమీటర్లు ఎడం ఉంచండి, ఆ ఎడమే సగం పని చేస్తది. మీది స్లాబు ఇల్లయితే తల మీద ఒక బొంత కట్టండి, స్లాబు నుంచి వచ్చే తిరుగు చప్పుడును అందరు మర్చిపోతరు. వడ్ల బస్తాలు పేర్చిన అర్ర ఉంటే ఇంకా మంచిది. చప్పట్లు కొట్టి చూడండి, "టంగ్" మని మోగితే ఇంక చాలలే. గొంగడి ఆపలేనిది ట్రాక్టరు, మోటరు లాంటి కింది స్థాయి మోత. దానికి మందు గది కాదు, వేళ. తెల్లారి నాలుగింటికి ఊరు లేవకముందు, లేకుంటే రాత్రి పదకొండు దాటినంక.

పది సెకన్లు ఏం మాట్లాడకుండ రికార్డు చేసి చూడండి. సాఫ్ట్‌వేర్ మీటర్ల చప్పుడు మైనస్ 60 డీబీ కింద ఉండాలె. మాట గరిష్ఠం మైనస్ 12 నుంచి మైనస్ 6 నడమ. వీడియో పనికి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో, వేవ్ ఫైలు. 80 హెర్ట్జ్ కంటె కింది మోతను ఫిల్టర్‌తోని కోసెయ్యండి. చప్పుడు తీసే ఫిల్టర్ 6 డీబీ దాటనియ్యొద్దు. మెతక గొంతుల స, హ అక్షరాలు, ఊపిరి అంచులు ఆ చప్పుడు ఎత్తులనే ఉంటయి కాబట్టి వాటిని కూడ తినేస్తది, నీళ్లల్ల మాట్లాడినట్టు అయితది. స్టూడియోకు పంపేటప్పుడు ఏ ఫిల్టరూ వెయ్యని అసలు ఫైలు కూడ పంపండి.

పైసలు, కాగితం. ఒప్పుకునే ముందు మూడు సంగతులు రాతల ఉండాలె: ఎక్కడ వాడతరు, ఎన్నాళ్లు వాడతరు, తిరిగి రికార్డు చేస్తే ఎంత. ఇప్పుడు నాలుగోది కూడ కావాలె: నా గొంతును కృత్రిమ మేధకు శిక్షణగ వాడొద్దు, నకలు చెయ్యొద్దు అన్న వాక్యం. ఒంటి గొంతు పాఠాలు చదివే పనిల ఇది తప్పకుండ అడగండి. 1957 కాపీరైట్ చట్టంల సెక్షన్ 38 ప్రదర్శకుల హక్కును 50 ఏండ్లు కాపాడతది. 2012 సవరణ దానికి రాయల్టీ హక్కు, పేరు హక్కు కలిపింది. కాని అదే సవరణల ఒక మెలిక ఉంది. సినిమాల చిన్న, పక్క పని చేసి టైటిల్స్‌ల పేరు లేకపోతే, పనిని వక్రీకరించిన సందర్భంల తప్ప మిమ్మల్ని ప్రదర్శకుని కింద లెక్కపెట్టరు. అందుకే పేరు వెయ్యమని అడుగుడు గొప్పకు కాదు. ఫీజుల టీడీఎస్ (ముందే కోసే ఆదాయ పన్ను) మీరు కట్టాల్సిన పన్ను కంటె ఎక్కువ పట్టుకుంటే రిటర్ను వేసి ఆ ఎక్కువను తిరిగి తీసుకోండి. "యూనియన్ కార్డు ఇప్పిస్త" అని నడిమోళ్లు అడిగే పైసలు ఇయ్యొద్దు, యూనియన్ ఆఫీసుకు మీరే పోయి అడగండి.

దేవరకొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైచిలుకు. క్రౌడ్ పిలుపులు పొద్దున చెప్పి మాపటికి రమ్మంటరు. మొదట్లనే హైదరాబాద్‌ల సినిమావాళ్లు ఉండే కృష్ణానగర్ల అద్దె గది తీసుకోవద్దు. వారానికి రెండు పిలుపులు వరుసగ మూడు నెలలు వస్తే అప్పుడు తీసుకోండి. అందాక ఇంటి నుంచి చేసే కథనం పని మీద, ఇంకొక సంపాదన మీద ఉండండి.

గొంతు ఆరోగ్యం గురించి ఒక మాట. మెల్లగ మాట్లాడే వాళ్లకు గొంతు పాడుకాదనుకునుడు తప్పు. గుసగుసగ, ఊపిరి ఎక్కువ కలిపి గంటలు మాట్లాడితే కూడ గొంతుల ఉండే స్వర తంత్రులు అలుస్తయి. నీళ్లు రికార్డింగ్ ముందట తాగితే నోరు తడుస్తది గాని తంత్రులకు అందేసరికి టైము పడతది, కాబట్టి రెండు గంటల ముందు నుంచే తాగండి. అరుపుల సీన్లు ఉంటే సెషన్ ఆఖరికి పెట్టమనండి. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర చూపించుకోండి, కషాయాలతోని నెట్టుకు రావద్దు.

ఇగ మైకు. యూఎస్‌బీ మైకు సాధనకు, డెమో మొదటి ముసాయిదాకు సరిపోతది, పనికి పంపేటందుకు చాలదు. డైనమిక్ మైకుల (స్టేజీ మీద చేతుల పట్టుకునే రకం) బయటి చప్పుడు తక్కువ పడతదని చెప్పి కొనిపిస్తరు, కాని మెతక గొంతుకు దానికి 60 డీబీ దాక గెయిన్ కావాలె, చవక ఇంటర్‌ఫేసు (మైకును కంప్యూటర్‌కు కలిపే డబ్బా) ఆ ఎత్తుల బుస్సుమంటది. గొంగడి గది కుదిరినంక సెల్ఫ్ నాయిస్ (మైకు సొంత బుస్సు) 10 డీబీ లోపు ఉన్న కండెన్సర్ మైకు (సన్న చప్పుడు కూడ పట్టే రకం), దానికి కావల్సిన 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు ఇచ్చే రెండు చానళ్ల ఇంటర్‌ఫేసు తీసుకోండి. గది కుదరక ముందు కండెన్సర్ కొంటే పక్కింటి కోడి కూడ స్పష్టంగ వినపడతది.